ఊనా కొలనులో పది బస్తాల ఉప్పు

మా వీధిలో నాలుగేళ్లు నిండిన పిల్లల్లో ఒక్కరికి ఈత రాకపోయినా, ఊనా ట్రెవిన్ అది తన తప్పే అన్నట్టు బాధపడేది. ఆ పట్టుదల ఆమెకి ఊరికే రాలేదు. 1967లో ఆమె భర్త మెర్వ్, బావమరిదిని సాయం పెట్టుకుని, ఇంటి వెనక ఈతకొలను కట్టాడు. ఆస్ట్రేలియాలో బండబర్గ్‌కి ఇవతల ఉండే మా చిన్న ఊళ్లో అదే మొదటిది. మెర్వ్ చక్కెర మిల్లులో ఫిట్టరు. మాకు ఎండాకాలంలో వచ్చే క్రిస్మస్‌కి నీళ్లు నింపి, వీధి వీధినంతా భోజనానికి పిలిచాడు. అందరూ స్తంభాల మీద ఎత్తుగా కట్టిన ఇంటి కింద నీడలో బీరు తాగుతూ కబుర్లలో ఉన్నారు. పక్కింటి రోడ్నీకి అప్పుడు నాలుగేళ్లు. వాడు బంతి కోసం వెళ్లి నీళ్లలో పడ్డాడు. చప్పుడే కాలేదట. మాంసం పళ్లెం పట్టుకుని మెట్లు దిగుతున్న ఊనా మాత్రం చూసింది. పళ్లెం అక్కడే వదిలేసి, వేసుకున్న గౌనుతో, కాళ్లకున్న చెప్పులతో దూకేసింది.

పిల్లవాడు దగ్గాడు, ఏడ్చాడు, అరగంటలో పుల్ల ఐసు కావాలని పేచీ పెట్టాడు. ఊనాకి మాత్రం మూడు రోజులు తిండి సయించలేదు. నాలుగో రోజు గడప గడపకీ వెళ్లి, రేపటి నుంచి పొద్దున్నే మీ పిల్లల్ని మా ఇంటికి పంపండి, నేను ఈత నేర్పుతాను అని చెప్పి వచ్చింది. అప్పట్లో కొలను చుట్టూ కంచె ఉండాలన్న నియమం లేదు. ఈతే కంచె అనేది ఆమె.

అలా మొదలైన పని ఇరవై ఆరేళ్లు సాగింది. నేను ఈ వీధికి, వాళ్ల పక్కింటికి, 1979లో వచ్చాను. మా ఇద్దరు మగపిల్లలూ ఆమె చేతుల మీదుగానే నీళ్లలో దిగారు. పొడుగ్గా, సన్నగా, ఎర్ర టోపీ పెట్టుకుని, నడుము లోతు నీళ్లలో కొంగలా నిలబడి ఉండేది. ఒక్కరోజు కూడా గొంతు పెంచి అరవగా వినలేదు. కొలను ఈ చివరి నుంచి ఆ చివరికి మొదటిసారి ఈదిన పిల్లకి ఆ రోజు ఒక సన్మానం ఉండేది. వెనక మెట్ల మీద కూర్చోబెట్టి, పెనం మీంచి అప్పుడే తీసిన చిట్టి అట్లకి జామ్ పూసి, ఎన్ని తింటే అన్ని పెట్టేది. మా చిన్నవాడు పదకొండు తిని, మధ్యాహ్నం బడిలో కక్కుకున్నాడు.

నీళ్ల బాధ్యత మెర్వ్‌ది. సాయంత్రం అయిదవగానే షెడ్డులోంచి క్లోరిన్ డబ్బా తెచ్చి, కొలను చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు తిరుగుతూ పోసేవాడు. అతని చొక్కాలన్నిటి మీదా తెల్ల మచ్చలే. చెరకు కోతల కాలంలో తోటలు తగలబెట్టినప్పుడు ఊరంతా నల్లటి మసి రాలుతుంది. అది కొలనులో పడితే ఒక్కో రేకూ వల గరిటెతో ఏరేవాడు. మిల్లులో పని విరమించాక ఆ కొలనే అతనికి ఉద్యోగమైంది. వచ్చే పిల్లల సంఖ్య పెరుగుతున్న కొద్దీ క్లోరిన్ కూడా పెంచాడు. మా పెరట్లోకి కూడా ఆ ఘాటు వచ్చేది. శుభ్రమైన నీళ్ల వాసన అంటే అదే కాబోలని మేమందరం అనుకున్నాం.

1993 వసంతంలో ఊనా చేతులు పగిలాయి. మొదట వేళ్ల సందుల్లో, తరవాత అరచేతుల్లో, ఎండిన చెరువు మట్టిలా బీటలు వారాయి. కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. దగ్గు పట్టుకుంది. బండబర్గ్ డాక్టరు చూసి, ఆ నీళ్లకీ మీ ఒంటికీ ఇక పడదు, మానెయ్యండి అన్నాడు. ఆమెకి అప్పుడు అరవై ఒకటి.

ఆ ఏడు ఎండాకాలం మా వీధి వీధిలా లేదు. పిల్లలు సైకిళ్ల మీద వచ్చి గేటు దగ్గర ఆగి, ఈ వారమైనా ఉంటుందా అని అడిగి వెళ్లేవాళ్లు. ఊనా చేతులకి పల్చటి గుడ్డ తొడుగులు వేసుకుని ఇస్త్రీ మొదలుపెట్టింది. దుప్పట్లయ్యాయి, కర్టెన్లయ్యాయి, చివరికి గిన్నెలు తుడిచే గుడ్డలు కూడా మడతలు నిలిచేలా ఇస్త్రీ చేసింది.

ఒకరోజు మెర్వ్ కంచె అవతల నుంచి నాతో అన్నాడు: "ఇంట్లో ఉన్నవన్నీ ఇస్త్రీ చేసేసింది. ఇక నేనొక్కణ్ణే మిగిలాను. ఆ బల్ల మీద ఎప్పుడు పడుకోబెడుతుందో తెలీదు."

నవ్వాడు గానీ, ఆ నవ్వు అతనికే నచ్చినట్టు లేదు.

మరుసటి ఏడు నవంబరులో పంపు కారుతోందని వాల్ పెట్రీని పిలిచారు. వాల్‌కి యాభై రెండేళ్లు. చుట్టుపక్కల ఊళ్ల కొలనులన్నిటికీ ఇరవై ఏళ్లుగా అతనే వైద్యుడు. గొట్టాలూ వలలూ నిండిన పాత ట్రక్కులో తిరిగేవాడు. అతని కూతుళ్లిద్దరూ ఊనా దగ్గర ఈత నేర్చుకున్నవాళ్లే. పంపు బాగుచేస్తూ ఊనా చేతులకేసి చూశాడు. ఆ ఘాటు క్లోరిన్‌ది కాదని, క్లోరిన్ పిల్లల చెమటతోనూ మరొకదానితోనూ కలిసి పాడైతే వచ్చే వాసనని, ఆమె ఒంటికి పడనిది అదే అయ్యుండొచ్చని చెప్పాడు. ఈ కొలనుని ఉప్పు పద్ధతికి మార్చమన్నాడు.

మెర్వ్‌కి ఉప్పన్న మాటే గిట్టలేదు. "ఉప్పు చేపలకీ వేపుళ్లకీ," అన్నాడు.

వాల్ ఓపిగ్గా వివరించాడు. ఒక గొట్టంలో లోహపు రేకులుంటాయి. ఉప్పు కలిసిన నీళ్లు వాటి మధ్యనుంచి పోతుంటే, కరెంటు ఆ ఉప్పులోంచే క్లోరిన్ పుట్టిస్తుంది. పని అయ్యాక అది తిరిగి ఉప్పుగా మారుతుంది. కన్నీళ్లలో ఉన్నంత ఉప్పు కూడా ఆ నీళ్లలో ఉండదు.

"అంటే చివరికి క్లోరినేగా," అన్నాడు మెర్వ్.

"క్లోరినే, పెద్దాయనా. కానీ నీలాగా సాయంత్రానికోసారి కుమ్మరించదు. పగలంతా కొంచెం కొంచెంగా ఇస్తుంది. నువ్వు పోసేది మందు కాదు, పెళ్లివిందు."

డాక్టర్ని అడిగితే, ప్రయత్నించి చూడండి, చేతులు ఒప్పుకోకపోతే మళ్లీ మానెయ్యండి అన్నాడు. ఊనాకి ఆ మాత్రం చాలు. ఆ సాయంత్రమే వాల్‌కి ఫోన్ చేసింది. మెర్వ్ అభిప్రాయం ఎవరూ అడగలేదు.

డిసెంబరు మొదటి వారంలో పని జరిగింది. ఏళ్ల తరబడి పోసిన మందులతో నీళ్లు బరువెక్కాయని సగం తోడి పారేసి, కొత్త నీళ్లు పట్టారు. ఫిల్టరు దాటాక కొలనులోకి తిరిగొచ్చే గొట్టాన్ని కోసి, మధ్యలో ఆ రేకుల గొట్టాన్ని అతికించాడు వాల్. ఎండ తగలని గోడకి దాని పెట్టె బిగించాడు. ఆ తరవాత ట్రక్కులోంచి పది బస్తాల ఉప్పు దించాడు. ఒక్కోటి పాతిక కిలోలు. అంచున నిలబడి ఒక్కో బస్తా కోసి లోపలికి వంచుతుంటే, మెర్వ్ పొడుగు చీపురుతో అడుగున పేరుకున్న ఉప్పుని నెట్టుతున్నాడు. ఊనా నీడలో కుర్చీ వేసుకుని చూస్తోంది. నేను కంచె దగ్గర నా పని మానేసి మరీ చూస్తున్నాను.

ఏడో బస్తానో ఎనిమిదో బస్తానో అయ్యేసరికి గాలికి ఒక ఖాళీ సంచి ఎగిరి నీళ్లలో పడింది. మెల్లగా లోతు వైపు జారి, అడుగున ఉన్న జాలీకి అంటుకుంది. పంపు దాన్ని పీల్చుకుంటే పని చెడుతుంది. మెర్వ్‌కి మోకాలు బాగోలేదు, ఊనా దిగకూడదు. దూకి తీసెయ్ వాల్, ఎండగానే ఉందిగా అంది ఊనా. వాల్ వినపడనట్టు ట్రక్కు దగ్గరకి వెళ్లి పొడుగు కర్ర తెచ్చాడు. దానికి కొక్కెం కట్టి, అంచున బోర్లా పడుకుని, చెమటలు కక్కుతూ ఇరవై నిమిషాలు తంటాలు పడి ఆ సంచిని పైకి లాగాడు.

ఊనా ఆ ఇరవై నిమిషాలూ అతన్నే చూసింది. పని ముగిశాక, ఇంట్లో పాలున్నా లేవని చెప్పి మెర్వ్‌ని కొట్టుకి పంపింది. వాల్‌కి టీ కప్పు అందించింది. నేనున్నది వాళ్లకి గుర్తుందో లేదో.

"ఇరవై ఏళ్లుగా ఈ ఇంటికి వస్తున్నావు వాల్. నీ మోకాలి పైన తడి నేనెప్పుడూ చూళ్లేదు."

వాల్ కప్పులోకి చూస్తూ అన్నాడు: "మాది పడమటి వైపు, ఊనా. గొర్రెల దేశం. నేను పుట్టాక ఏడేళ్లదాకా సరైన వాన పడలేదు. ఇక్కడికొచ్చేసరికి పాతికేళ్లు. ఆ వయసులో నాకు ఈత రాదని ఎవరితో చెప్పను? తరవాతేమో ఈ పనిలో పడ్డాను. ఇక అసలు చెప్పలేకపోయాను."

"మీ ఆవిడకి తెలుసా?"

"చెవి పోటని చెప్పా. పాతికేళ్లుగా అదే చెవి పోటు."

ఊనా నవ్వలేదు. "నీళ్లు సిద్ధం కానీ. మంగళవారం పొద్దున తొమ్మిదింటికి రా. పిల్లలు బడిలో ఉంటారు. మెర్వ్‌ని క్లబ్బులో బంతులు దొర్లించే ఆటకి పంపిస్తాను."

"మరి మీ చేతులు?"

"నా చేతుల సంగతి నేను చూసుకుంటా. నువ్వు నీ చెవి సంగతి చూసుకో."

ఉప్పు పూర్తిగా కరిగాక మర్నాడు వాల్ వచ్చి పెట్టె స్విచ్చి వేశాడు. రోజుకి ఎనిమిది గంటలు నడవాలని చెప్పి వెళ్లాడు. నాలుగు రోజులు నీళ్లు అద్దంలా మెరిశాయి. అయిదో రోజు వాన మొదలైంది. మా వైపు ఎండాకాలపు వాన సంగతి తెలిసిందే, పట్టుకుంటే వదలదు. మంగళవారం నాటికి కొలను పచ్చబడింది. అటు చివర రెండు కప్పలు కాపురం పెట్టాయి. వాల్ వచ్చి చూసి, ముఖం పాలిపోయి, పెట్టె విప్పాడు. అందులో లోపమేమీ కనపడలేదు. ఆ రోజు పాఠం జరగలేదు. మనసులో ఎక్కడో అతనికి హాయిగానే అనిపించిందని తరవాత ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున టోస్టు తింటూ మెర్వ్ ఉన్నట్టుండి అన్నాడట: "మీట నేనే తిప్పా."

ఎనిమిది గంటల్ని ఒక గంటకి తగ్గించి, ఎవరూ చూడకుండా మూత పెట్టేశాడు. తీగలూ రేకులూ వెతికిన వాల్‌కి ఆ అంకె చూడాలని తోచలేదు. ఎందుకని ఊనా అడిగింది. ఉప్పు పనిచెయ్యదని రుజువు చేద్దామనుకున్నానన్నాడు మొదట. తరవాత అసలు మాట చెప్పాడు. "అయిదవుతుంది. షెడ్డు దాకా వెళ్తాను. అక్కడ నాకేం పనుంది? ఆ పెట్టె నన్ను కూడా రిటైరు చేసేసింది."

ఈ సంగతి ఊనా నాతో చెప్పినప్పుడు ఆమెకి కోపం లేదు. పద్నాలుగు నెలలు తను ఇస్త్రీపెట్టె పట్టుకుని గడిపిందే, ఆ మనిషి బాధ ఆమెకి తెలియకుండా ఎలా ఉంటుంది? వెంటనే వాల్‌కి ఫోన్ చేసి, ఈ యంత్రంలో మనిషి చెయ్యాల్సిన పని ఏమైనా ఉందా అని అడిగింది. కావాల్సినంత ఉందన్నాడు వాల్. రేకుల మీద తెల్లటి పొర కడుతుంది, దాన్ని పల్చటి ఆమ్లంతో కడగాలి. వారం వారం నీళ్లలో ఆమ్లం ఎంతుందో పరీక్షించాలి. ఉప్పు తగ్గితే కలపాలి. మిల్లులో ముప్ఫై ఏళ్లు బాయిలర్ గొట్టాలకి పొర వదిలించిన మనిషికి ఇది చేతిలో పని.

అలా మెర్వ్ దారిలోకొచ్చాడు. పచ్చ నీళ్లని తనే వారం రోజులు కష్టపడి మళ్లీ తేటపరిచాడు. ఉప్పుకి తుప్పు పడుతుందని పాత ఇనుప నిచ్చెన పీకేసి, మిల్లులో స్నేహితుడి చేత స్టీలుది చేయించాడు. రెండు నెలలు తిరిగేసరికి వీధిలో మరో ముగ్గురు ఉప్పుకి మారారు. వాళ్ల రేకులు కడగడానికి కూడా అతనే వెళ్లేవాడు. అసలు ఉప్పు పద్ధతి తన ఆలోచనే అన్నట్టు మాట్లాడేవాడు. వాల్ కాదనలేదు.

జనవరిలో ఒక మంగళవారం ఊనా ఎర్ర టోపీ పెట్టుకుంది. నిచ్చెన పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి, నడుము లోతులో నిలబడి, రెండు చేతులూ నీళ్ల కిందకి పెట్టి అలాగే ఉండిపోయింది. తలెత్తి, మంట లేదు అంది. అంతే అంది.

వాల్ నీలం నిక్కరు వేసుకుని, ఉరికంబం ఎక్కుతున్నట్టు దిగాడు. అంచు వదలడు. ముఖం నీళ్లలో పెట్టి బుడగలు వదలమంటే, నాలుగేళ్ల పిల్లలు చేసే పని అది, అతనికి పది నిమిషాలు పట్టింది. వెల్లకిలా తేలడం నేర్పేటప్పుడు ఊనా అతని మెడ కింద చెయ్యి పెడితే, నడుము విరిచినట్టు మడిచి మునిగిపోయేవాడు.

"ఈ నీళ్లలో ఉప్పు తక్కువైనట్టుంది, తేలనివ్వట్లేదు," అన్నాడు ఒగరుస్తూ.

"ఉప్పు సరిపోయింది. నువ్వే నీళ్లతో కుస్తీ పడుతున్నావు. పడుకో వాల్. నీ మంచం మీద పడుకున్నట్టు పడుకో."

"మా మంచం ఇంత లోతుండదు."

తేలడానికి అయిదు మంగళవారాలు పట్టింది. ఆరోదానికి చేతులు, తొమ్మిదోదానికి ఊపిరి. మార్చి నెలాఖరున, కొలను ఈ చివర నుంచి ఆ చివరికి, మధ్యలో ఒక్కసారి కూడా కాలు ఆనించకుండా ఈదాడు. అంచు పట్టుకుని చాలాసేపు దగ్గాడు. పైకొచ్చి, పెద్ద మనిషి, వెనక మెట్ల మీద తువ్వాలు కప్పుకుని కూర్చుంటే ఊనా పెనం పొయ్యి మీద పెట్టింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి భార్యకి చెప్పాడట. ఆవిడ తల కూడా ఎత్తకుండా, పోటు వచ్చేది ఏ చెవో నీకే గుర్తుండేది కాదు, నాకెప్పుడో తెలుసు అందట.

ఆ తరవాత వాల్ దాచడం మానేశాడు. ఏ ఇంట్లో పంపు బాగుచేస్తున్నా మాటల మధ్య, నేను ఈత నేర్చుకున్నది యాభై రెండో ఏట అని చెప్పేవాడు. విన్నవాళ్లు నవ్వేవాళ్లు. కొందరు మాత్రం నవ్వకుండా, అతని వెంట ట్రక్కు దాకా వచ్చి, మెల్లగా, ఆవిడ ఇంకా ఎవరికైనా నేర్పుతుందా అని అడిగేవాళ్లు. నది మలుపు దగ్గర చెరకు తోట ఉన్న కాన్చెత్తా అలా అడిగినవాళ్లలో మొదటిది. చిన్నప్పుడు ఇటలీ నుంచి ఓడలో వచ్చింది. ఆ ఓడ ప్రయాణం తరవాత మోకాలి లోతు నీళ్లంటే కూడా ఆమెకి భయం. తరవాత బడి వంటగదిలో పనిచేసే ఆమె, ఇద్దరు మిల్లు కూలీలు, మా పోస్టుమాస్టరు. ఇంతమందికి ఈత రాదని ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు. అందరం సముద్రానికి పదిహేను మైళ్ల దూరంలో ఏళ్ల తరబడి బతుకుతున్నవాళ్లమే.

అందరం అన్నాను కదా. ఆ ఏడు సెప్టెంబరులో నేనూ చేరాను. పదహారేళ్లు కంచె ఇవతల నిలబడి చూసినదాన్ని. నాకు నలభై నాలుగు. ఊనా నన్ను చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. నీ కోసం ఒక టోపీ తీసిపెట్టాను, ఎప్పుడొస్తావా అని చూస్తున్నా అంది.

పొద్దున పిల్లల పాఠాలు కూడా మళ్లీ మొదలయ్యాయి, కానీ ఇప్పుడు వారానికి రెండు రోజులే. డాక్టరు చెప్పినంతసేపే నీళ్లలో ఉండేది. పైకి రాగానే మంచినీళ్లతో చేతులు కడుక్కుని ఏదో లేపనం రాసుకునేది. చేతుల మీద మచ్చలు పోలేదు గానీ, మళ్లీ పగలలేదు. తనకి డెబ్బై ఒకటి వచ్చేదాకా నేర్పింది. మిగతా ఏ రోజైనా మానేది గానీ మంగళవారం మానేది కాదు. పిల్లలు నీళ్లలో దింపితే నేర్చుకుంటారు, పెద్దవాళ్లు సిగ్గుపడి మానేస్తారు, వాళ్లనే వదలకూడదు అనేది.

కాన్చెత్తాకి మాలో అందరికన్నా ఎక్కువ కాలం పట్టింది. రెండు ఎండాకాలాలు. అరవై ఆరేళ్ల మనిషి, నల్ల ఈతగౌను, మెళ్లో శిలువ. ప్రతి మంగళవారం నీళ్లలో దిగేముందు శిలువ గుర్తు వేసుకునేది. నువ్వు నన్ను నమ్మవుగానీ ఆయన్ని నమ్ముతావు అని ఊనా ఆమెని ఆటపట్టించేది. ఆయనకి కూడా ఈత వచ్చో రాదో, నీళ్ల మీద నడిచాడని మాత్రం విన్నానని కాన్చెత్తా జవాబు.

ఒక మంగళవారం, మేం ఆరుగురం అంచు మీద కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుని ఉండగా, ఆమె బయల్దేరింది. ఊనా పక్కనే వెనక్కి నడుస్తోంది, కానీ ముట్టుకోలేదు. వాల్ అయితే ఊపిరి బిగబట్టి, తనే ఈదుతున్నట్టు భుజాలు కదిలిస్తున్నాడు. సగం దాటాక ఆగిపోతుందనిపించింది. ఆగలేదు. అవతలి గోడకి చెయ్యి తగిలింది. ఆమె కళ్లు తుడుచుకుని, వెనక్కి తిరిగి, వచ్చిన దారంతా ఒకసారి చూసింది.

"ఇంతేనా? ఇటువైపు నుంచి చూస్తే ఎంత చిన్నగా ఉందో."

"ఇంతే," అంది ఊనా. "ఇప్పుడు వెనక్కి రా."